గాజు బెండు

విజయవాడ గవర్నర్‌పేటలో వలల దుకాణం నడుపుకునే పోలరాజును ఎరిగినవారందరూ ఆయన గురించి రెండు మాటలు తప్పక చెప్పేవారు. ఆయన అల్లిన వలలో ఒక్క కన్ను కూడా తప్పదన్నది మొదటిది. చిన్ననాడు జ్వరంలో కన్న కలను ఆయన నేటికీ నిజమని నమ్ముతాడన్నది రెండవది.

దుకాణం ఒక పాత లాడ్జి మెట్ల కింద ఉండేది. తల వంచితే గాని లోపల అడుగు పెట్టడానికి వీలు లేదు. పైకప్పు నుంచి నైలాన్ వలలు నీలంగా, ఆకుపచ్చగా, పొగమంచు దిగినట్లు వేలాడుతూ ఉండేవి. బయట ఎండ ఎంత మండుతున్నా లోపల మాత్రం నీటి అడుగున కూర్చున్నట్లు ఉండేది. ఆటోల మోత, సిటీ బస్సుల హారన్లు ఆ వలల్లో చిక్కి, బలం తగ్గి, దూరపు అలల చప్పుడై ఆయన చెవికి చేరేవి. కొలిచే టేపు ఆ దుకాణంలో కనిపించేది కాదు. వల కన్నును వేళ్ళతోను, వల పొడవును మూరలతోను, బెండు లావును జానతోను కొలవడం ఆయన తాతల నాటి పద్ధతి. "టేపు సాగుద్ది, చెయ్యి సాగదు" అన్నది ఆయన సిద్ధాంతం.

వల పై అంచు నీటిలో మునిగిపోకుండా తాడుకు కట్టే తేలికపాటి గుండునే బెండు అంటారు. పోలరాజు చిన్నతనంలో వాటిని చెక్కతో చేసేవారు. తరువాత ప్లాస్టిక్ బెండ్లు వచ్చి దుకాణమంతా నిండాయి. ఆయన మనస్సులో మాత్రం ఒక గాజు బెండు నలభై ఏళ్ళకు పైగా తేలుతూనే ఉంది.

బందరుకు తూర్పున సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఒక పల్లెపాలెంలో ఆయన పుట్టాడు. తుపాను వెలిసిన ఒక ఉదయం, ఎనిమిదేళ్ళ పోలరాజు ఒడ్డున నడుస్తూ, నాచులో చిక్కుకున్న ఒక ఆకుపచ్చని గోళాన్ని చూశాడు. లేత కొబ్బరిబొండమంత ఉంది. దాని చుట్టూ ఎవరో ముదురు తాడుతో, తమ పాలెంలో ఎవరూ వేయని ముడులతో, చిన్న వల అల్లి ఉంచారు. పిల్లవాడు దానిని రెండు చేతులతో ఎత్తి సూర్యుడికి ఎదురుగా పట్టుకున్నాడు. ఆ క్షణంలో ఇసుక, పడవలు, ఒడ్డున ఆరవేసిన చేపలు, తన చేతులు కూడా ఆకుపచ్చని వెలుగులో మునిగిపోయాయి. లోకాన్ని నీటి లోపలి నుంచి చూసినట్లయింది. ఇంటికి తెచ్చి అక్క బుల్లెమ్మ ఒళ్ళో పెట్టాడు. అక్కకు అప్పటికి పన్నెండేళ్ళు ఉంటాయి. ఇద్దరూ దానిని మధ్య ఉంచుకుని, ఆ పక్క నుంచి అక్క, ఈ పక్క నుంచి తమ్ముడు, ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

ఆ సాయంత్రమే పోలరాజుకు జ్వరం తగిలింది. ఎన్నాళ్ళు కాసిందో ఆయనకు తెలియదు. లేచి కూర్చోగలిగిన నాడు మొట్టమొదట అడిగినది బంతిని గురించి.

"ఏం బంతిరా?" అన్నది తల్లి.

"ఒళ్ళు తెలియని జ్వరంలో ఏదో కలగన్నావురా" అన్నది అక్క, అటు తిరిగి.

అంతే. ఆ తరువాత పాలెం అంతా అదే మాట అన్నది. పెళ్ళయిన తరువాత భార్య పేరమ్మ కూడా దానినే అందుకుంది. ఆమె ఎండుచేపల వ్యాపారం చేసే మనిషి. మాటలో మొహమాటం ఎరుగదు.

"గాజు బెండంట! గాజు మునుగుద్దా, తేలుద్దా? రేపు ఇనప పడవలో రాళ్ళ తెరచాప చూశానంటాడు మా ఆయన" అని బేరగాళ్ళ ముందే నవ్వేది.

పోలరాజు కోపగించుకునేవాడు కాదు. అయితే ఒక బాధ ఆయనను విడిచేది కాదు. తన జీవితంలో అన్నింటికంటె స్పష్టంగా కనిపించిన దృశ్యమే అబద్ధమైతే, తక్కిన జీవితం ఏ నమ్మకం మీద నిలుస్తుంది? లోకమంతా కాదన్నా ఆయనకు లెక్క లేదు. తాను ఎరిగినంతలో దానిని చూసినది ఇద్దరే. ఆ రెండవ మనిషి, చల్లపల్లిలో కాపురముంటున్న అక్క, ఒక్కసారి అవునంటే చాలు. ఆమె ఏనాడూ అనలేదు. అడిగినప్పుడల్లా అటు తిరిగేది.

రెండువేల అయిదవ సంవత్సరంలో ఆ లాడ్జి మొదటి అంతస్తులో ఉష అనే అమ్మాయి ఇంటర్నెట్ సెంటర్ తెరిచింది. ఉయ్యూరు వైపు రైతుల బిడ్డ. పేరమ్మ అన్న కొడుకు మణికుమార్ సరుకుల ఓడలో వంటవాడుగా దేశాలు తిరిగేవాడు. అతడు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు వ్రాసి పంపే ఉత్తరాలు ఉష దగ్గరకే వచ్చేవి. ఆమె చదివి వినిపించేది. పోలరాజు చేతులు కట్టుకుని, గుడిలో పురాణం విన్నట్లు వినేవాడు.

ఒక మధ్యాహ్నం ఉత్తరంతోపాటు ఒక ఫొటో వచ్చింది. అమెరికా పడమటి తీరంలో ఏదో రేవు. కాఫీ హోటల్లో మణికుమార్ నిలబడి నవ్వుతున్నాడు. అతడి వెనుక గోడ మీద, పాత వలల్లో చుట్టి, ద్రాక్షగుత్తుల వలె వేలాడుతున్నాయి ఆకుపచ్చని గాజు గోళాలు.

పోలరాజు కళ్ళు ఆ గోళాల మీదనే నిలిచాయి. ఫ్యాను తిరుగుతున్నది. ఆయనకు మాత్రం గది నెమ్మదిగా నీటితో నిండుతున్నట్లు, తాను కుర్చీతో సహా పైకి తేలుతున్నట్లు అనిపించింది.

"బాబాయ్ గారూ, ఏమైందండీ? మంచినీళ్ళివ్వనా?" అన్నది ఉష కంగారుపడి.

"ఉషమ్మా, వాడి ఎనకమాల ఉన్నయ్యేంటో కనుక్కోవా, నీకు పుణ్యం ఉంటది."

ఉష వెతికింది. అవి జపాను జాలరులు పూర్వం తమ వలలకు కట్టుకున్న గాజు బెండ్లనీ, తెగిపోయినవి ఏళ్ళ తరబడి సముద్రంలో తిరిగి ఎక్కడెక్కడి ఒడ్డులకో కొట్టుకువస్తాయనీ, వాటిని ఏరి అమ్మే దుకాణాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయనీ చదివి చెప్పింది. అటువంటి దుకాణం ఒకటి తెర మీద తెరిచింది కూడా. వరుసగా బొమ్మలు వచ్చాయి. కొన్ని బెండ్లు పడవలో కుప్పగా పోసి దూరం నుంచి తీసినవి. ఒకటి మాత్రం దగ్గర నుంచి తీసినది. తెర సగం ఆక్రమించి, లోపల చిన్న గాలిబుడగలతో సహా మెరుస్తున్నది.

పోలరాజు లేచి, తెర దగ్గరకు వెళ్ళి, బొటనవేలు ఆ గోళపు ఈ అంచున, చిటికెనవేలు ఆ అంచున ఆనించాడు.

"జానెడు. సరిగ్గా జానెడు! ఇదేనమ్మా. మిగతాయి నిమ్మకాయలు. నాకు ఇదే కావాల."

ఆ సమయంలోనే పక్క కంప్యూటరు ఆగిపోయి ఒక కుర్రవాడు కేకలు వేయడంతో, ఉష ఆయన చూపించిన దానినే నొక్కి అటు పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి తెర మీద ఎర్ర అక్షరాలు ఉన్నాయి. ఆ దుకాణం తమ దేశం దాటి సరుకు పంపదట.

"బతిమాలుదాం. అడగందే అమ్మయినా పెట్టదు. నేను చెప్తా, నువ్వు ఇంగ్లీషులో కొట్టు" అని పోలరాజు నిటారుగా కూర్చుని, కలెక్టరుగారికి అర్జీ చెప్పినట్లు ఆరంభించాడు: "మహారాజశ్రీ గాజు బెండ్ల దుకాణం వారి దివ్యసముఖమునకు, విజయవాడ వాస్తవ్యుడు పోలరాజు నమస్కరించి చేయు మనవి. తమరి వద్ద నున్న బెండు వంటిది ఒకటి నా చిన్నతనమందు నాకు దొరికి పోయినది..."

"దివ్యసముఖానికి ఇంగ్లీషులో ఏమంటారు బాబాయ్ గారూ?"

"పెద్దవాళ్ళని ఎట్టా పిలుస్తారో అట్టా పిలువమ్మా. మర్యాద తగ్గకూడదు."

మరునాడు జవాబు వచ్చింది. వారూ మర్యాద తగ్గించలేదు. మీ కథ మా హృదయాలను తాకింది, అయినా మీ దేశానికి పంపలేము, మన్నించండి అని వ్రాశారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర పోలరాజు ముద్ద కలుపుతూ కలుపుతూ ఆగిపోవడం పేరమ్మ చూసింది. సంగతి విన్నది. నవ్వడానికి నోరు తెరిచి, భర్త ముఖం చూసి, మానుకుంది.

"ఏమయ్యో, బస్సు పోని లంకకి నా ఎండుచేపల బుట్ట ఎట్టా పోతంది?" అన్నది.

"ఎట్టా పోతదేంటి? కరకట్ట సెంటర్లో దింపితే అక్కడ మన మనిషి ఎత్తుకుపోతాడు."

"మరి? ఆళ్ళు ఆళ్ళ దేశంలో ఎక్కడికైనా ఇస్తారంటన్నావు గదా. ఆళ్ళ కరకట్ట సెంటర్ ఏదో చూడు. ఎత్తుకొచ్చేదానికి మణిగాడు లేడూ? ఇంతకాలం వలలమ్మి ఏం లాభం, ముడికి ముడి కలిపే తెలివి లేదు."

పోలరాజు భార్య వైపు, చీకటిలో దీపం చూసినట్లు చూశాడు.

మణికుమార్‌కు కబురు వెళ్ళింది. ఓడ ఆగే ఒక రేవులో నావికులు దిగి సేదదీరే సత్రం వంటిది ఉన్నదనీ, అక్కడి పెద్దావిడ తమవంటి వారి పేరిట వచ్చే పార్సిళ్ళు తీసి దాచిపెడుతుందనీ, వెల కూడా తాను అక్కడే సర్దుతాననీ అతడు వ్రాశాడు. దుకాణం వారు పార్సిలును ఆ సత్రానికి పంపారు. చేరినట్లు కబురు వచ్చింది. అయితే ఓడ ఆ రేవుకు వెంటనే పోలేదు. సరుకు ఎటు దొరికితే అటు పోవడం దాని ధర్మం. ఎండలు ముదిరాయి, వానలు పడ్డాయి, కాలువలకు నీళ్ళు వదిలారు, వరి కోతలు కూడా వచ్చాయి. బెండు మాత్రం తెలియని దేశంలో, తెలియని ఆవిడ అలమారలో, అట్టపెట్టెలో నిద్రపోతున్నది.

ఆ కాలమంతా పోలరాజు వలలు అల్లుతూ దానితోపాటు ప్రయాణం చేశాడు. పార్సిలు ఓడెక్కిందని తెలిసిన నాటి నుంచి మరీ. అది ఇప్పుడు ఏ నీళ్ళ మీద ఉన్నదో ఊహించుకునేవాడు. పూర్వం బెండు ఒంటరిగా, నాచు పట్టి, చేపలు ముక్కుతో పొడుస్తూ ఉండగా తేలివచ్చిన సముద్రం మీదుగానే ఇప్పుడు అది తడవకుండా వస్తున్నదనుకుంటే ఆయన వేళ్ళు దారం మీద నిలిచిపోయేవి. మధ్యాహ్నపు మగతలో దుకాణంలోని వలలు ఊగేవి. వాటి నడుమ ఆకుపచ్చని వెలుగు ఒకటి మెల్లగా దొర్లుతూ ఒడ్డుకు వస్తూ ఉండేది. ఎవరైనా "బెండ్లున్నాయా?" అని కేకవేస్తే ఉలిక్కిపడి, "వస్తన్నయ్యి, దారిలో ఉన్నయ్యి" అనేవాడు.

పార్సిలు ఎత్తుకున్న ఓడ చివరకు విశాఖపట్నంలో ఆగింది. మణికుమార్ రైలెక్కి వచ్చి, తెల్లవారుతుండగా అత్త ఇంటి తలుపు తట్టాడు.

"మావయ్యా, ఇదిగో నీ బంతి. రేవు గేటు దగ్గర ఆఫీసరు ఇదేంటన్నాడు. మా మావయ్య కల సార్ అన్నా. ఆడికి అర్థం గాక వదిలేశాడు."

పెట్టె చేతిలోకి తీసుకున్న పోలరాజు దానిని విప్పలేదు. పేరమ్మ కత్తిపీట తెచ్చినా విప్పనివ్వలేదు.

"అక్క ముందర ఇప్పాల. చూసింది మేమిద్దరం. ఇప్పుడు కూడా ఇద్దరం కలిసే చూడాల. అప్పుడు కూడా అక్క కల అంటే, ఇక నేనూ కలనే అంటా. మళ్ళా ఆ మాట ఎత్తను."

పేరమ్మ కత్తిపీట లోపల పెట్టి, చీర మార్చుకుని వచ్చింది.

చల్లపల్లి బస్సులో ఆయన పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. రోడ్డు పక్కన బందరు కాలువ వెంట వస్తూనే ఉంది. ఉయ్యూరులో చక్కెర ఫ్యాక్టరీ వాసన బస్సంతా నిండి వెళ్ళిపోయింది. పామర్రు దాటిన తరువాత కోసిన చేలలో పచ్చగా మినుము మొలకలు కనిపించాయి. పెట్టె ఎందుకో చాలా తేలికగా ఉన్నట్లు ఆయనకు అనిపించింది. గాజు బెండు తేలికగానే ఉంటుంది గదా అని తనకు తానే సమాధానం చెప్పుకున్నాడు.

బుల్లెమ్మ వాకిట్లో చాప మీద కూర్చుని ఎండురొయ్యలు చెరుగుతున్నది. అరవైకి దగ్గర పడిన మనిషి. తమ్ముడిని చూసి చేట పక్కన పెట్టింది.

"ఏరా పోలయ్యా, కబురన్నా లేకుండా! ఏం పేరమ్మా, బాగుండావా? ఏందిరా ఆ పెట్టె? మిఠాయా?"

"మిఠాయి కాదు వదినా. మీ తమ్ముడి జ్వరం ఓడెక్కి వచ్చింది" అన్నది పేరమ్మ.

పోలరాజు అక్క ఎదుట చాప మీద కూర్చుని తాడు కోశాడు. అట్ట లోపల కాగితం, కాగితం లోపల మరొక కాగితం. ఉల్లిపాయ పొరల వలె తీసిన కొద్దీ వస్తున్నాయి. పెట్టె ఖాళీ అవుతున్నది గాని ఏమీ కనబడదు. చివరి పొర విప్పగానే ఆయన అరచేతిలోకి జారినది ఒక చిన్న గోళం. ఆకుపచ్చనిదే. గాలిబుడగలు ఉన్నవే. తాడుతో అల్లిన వల కూడా ఉన్నదే. అయితే నిమ్మకాయంత.

తెర మీద ఆనించిన తన వేళ్ళు పోలరాజుకు గుర్తుకు వచ్చాయి. జాన సాగదు నిజమే. బొమ్మ సాగుతుందని ఆయన ఎరుగడు. జీవితమంతా నమ్మిన చెయ్యి ఇప్పుడు ఆయనను మోసం చేసింది. ఇది కాదు. తాను చూసినది ఇది కాదు. ఒకవేళ అసలు ఏదీ చూడలేదేమో. లోకంలో ఉన్నవి ఈ నిమ్మకాయలే, బొండమంతది జ్వరంలోనే పుట్టి జ్వరంలోనే పోయిందేమో. ఆయన తల దించుకున్నాడు. పేరమ్మ కూడా ఈసారి నవ్వలేదు. భర్త భుజం మీద చెయ్యి వేద్దామా వద్దా అన్నట్లు చెయ్యి ఎత్తి ఆపింది.

బుల్లెమ్మ ముందుకు వంగి ఆ గోళాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తింది. ఎండకు పెట్టి చూసింది. ఆమె ముడుతల ముఖం మీద పావలా కాసంత ఆకుపచ్చని మచ్చ పడి కదిలింది. ఆమె పెదవులు విచ్చుకున్నాయి.

"ఓసోస్, ఇదేందిరా ఇంత పిసరంత ఉంది! అది ఒళ్ళో పెడితే నా మోకాళ్ళు నొప్పెట్టినయ్యి గదరా!"

అన్న తరువాత గాని తానేమన్నదో ఆమెకు తెలియలేదు. గోళం చాప మీద పడింది. ఆమె చెయ్యి నోటి మీదకు పోయింది.

"అక్కా!" అన్నాడు పోలరాజు.

బుల్లెమ్మ గబుక్కున అతడి తల రెండు చేతులతో పట్టుకుని, దిష్టి తీసినట్లు జుట్టంతా నిమరసాగింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"నేననలేదురా! నేనేం అనలేదు! గంగమ్మ తల్లీ, నేనేం అనలేదే!"

ఆమె ఊపిరి కుదుటపడిన తరువాత మాట ఒక్కొక్కటిగా బయటకు వచ్చింది. పిల్లవాడికి జ్వరం ముదిరి, మనిషి దక్కడన్న నాడు, సముద్రం తన వస్తువు కోసం ఇంటికి వచ్చిందని పాలెంలో పెద్దలు అన్నారు. తల్లి ఆ బంతిని పసుపునీళ్ళతో కడిగి, నెత్తిన పెట్టుకుని, దొరికిన చోటికే తీసుకువెళ్ళి అలల్లో విడిచింది. ఆ మరునాటికి జ్వరం దిగింది. సముద్రానికి ఇచ్చానంటే పిల్లవాడు దాని కోసం నీళ్ళలోకి పోతాడని తల్లి భయం. అందుకని, అది కలేనని చెప్పమని ఆ పెద్దలను కూడా బతిమాలుకుని, ఈ మాట బయట పెడితే తమ్ముడికి తగులుతుందని, అతడి తల మీదనే బుల్లెమ్మ చేత ఒట్టు వేయించుకుంది. తల్లి పోయింది. ఒట్టు పోలేదు.

"అడిగినప్పుడల్లా అటు తిరిగేదాన్ని. నీ మొహం చూస్తే నోరు జారిద్దని. నీకేమన్నా అయితే నేను బతకనురా."

పోలరాజు తన తల మీద ఉన్న ఆమె చేతులను అలాగే ఉంచి, నవ్వాడు. ఎనిమిదేళ్ళ పిల్లవాడి నవ్వు.

"పిచ్చిదానా, నాకు ఏభై దాటినయ్యి. జుట్టు కూడా సగం పోయింది, ఒట్టు ఇంకా ఎక్కడ నిలుస్తది? తీసి గట్టున పెట్టక్కా."

పేరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తరువాత ఏదో నిశ్చయించుకున్నదానివలె లేచి, ఇంట్లోకి వెళ్ళి, ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు తెచ్చి చాప మధ్యన పెట్టింది.

"అదంతా సరేగానీ, ఇదన్నా తేలుద్దో లేదో చూద్దాం ఉండండి" అన్నది.

గోళాన్ని ఆమే తన చేతితో నీళ్ళలో విడిచింది. అది ఒకసారి లోపలికి పోయి, మరుక్షణం పైకి వచ్చి, గుండ్రంగా తిరిగి, నిలిచింది. పళ్ళెం అడుగున ఆకుపచ్చని నీడ వణికింది. మూడు తలలు దాని మీదకు వంగాయి. ఆ పక్క నుంచి అక్క, ఈ పక్క నుంచి తమ్ముడు. ఎండ మెల్లగా జరిగింది. రొయ్యల మీదకు కాకి వచ్చి వాలినా ఎవరూ అదిలించలేదు.

సాయంకాలం తిరుగు బస్సులో గోళం పేరమ్మ ఒళ్ళో ఉన్నది. పోలరాజు కిటికీకి తల ఆనించి హాయిగా నిద్రపోతున్నాడు. కాలువ మీద పడమటి వెలుతురు పడి, బస్సులోకి వచ్చి, గాజులో దూరి, ఆమె చీర మీద పచ్చగా అల్లాడుతున్నది. టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు వంగి చూశాడు.

"ఏందమ్మా అది, గోలీకాయా?"

"గోలీ కాదయ్యా, బెండు. వలకి కట్టే గాజు బెండు."

"గాజు బెండా? గాజెక్కడన్నా తేలుద్దా అమ్మా?"

పేరమ్మ నిద్రపోతున్న భర్త వైపు ఒకసారి చూసి, కొంగుతో గోళాన్ని తుడిచింది.

"తేలుద్ది" అన్నది. "నా కళ్ళతో నేను చూశా. ఇది పిల్లది. దీని తల్లి ఇంకా సముద్రంలోనే ఉంది."